కొబ్బరి మట్టలు నమిలే మిషను ఏది?

మా ఇంట్లో ఆదివారం పొద్దున్న కాఫీతో పాటు ఒక గొడవ కూడా ఉంటుంది. టాపిక్ ఎప్పుడూ ఒకటే. మట్టలు.

తగరపువలసలో గోస్తని వైపు మాకో చిన్న తోట ఉంది. తోట అంటే మరీ ఊహించుకోకండి. ముప్పై ఎనిమిది కొబ్బరి చెట్లు, నాలుగు మామిడి, గట్టు వెంబడి కాసిని సరుగుడు చెట్లు, ఒక మూల రెండు జీడిమామిడి. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో రుషికొండ ఆఫీసుకి వారానికి రెండు రోజులే వెళ్తాను కాబట్టి, మిగతా రోజులు ఈ తోటకి నేనే ఆన్‌సైట్ ఇంజినీర్‌ని.

కొబ్బరి చెట్టు సుమారుగా నెలకో మట్ట వదుల్తుంది. ఏడాదికి పన్నెండు. ముప్పై ఎనిమిది ఇంటూ పన్నెండు, నాలుగు వందల యాభై ఆరు. మనిషికంటే రెట్టింపు పైనే పొడవుండే మట్టలు నాలుగు వందల యాభై ఆరు! గెల కాడలు, పొత్తులు, మామిడి కొమ్మలు అదనం.

నాన్నమ్మ ఉన్నప్పుడు ఇదసలు సమస్యే కాదు. ఈనెలు చీపుర్లకి పోయేవి. ఆకు అల్లి తడికలు చేసేవాళ్లు. మట్ట మొదళ్లు పొయ్యిలోకి. వేసవిలో ఎవరింట్లో పెళ్లయినా పందిరి మీదకి మా మట్టలే. ఇప్పుడు గ్యాస్ వచ్చింది, పందిరికి షామియానా వచ్చింది, చీపురు సూపర్‌మార్కెట్‌లో దొరుకుతోంది. చెట్టు మాత్రం తన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోలేదు. అదే స్పీడులో మట్టలు వదుల్తూనే ఉంది.

మరి నాన్నేం చేస్తారు? కుప్ప పోసి అగ్గిపుల్ల గీస్తారు. ఇంతకుముందు చుట్టుపక్కల ఖాళీ కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు గోడ అవతల అపార్ట్‌మెంట్ లేచింది. పొగ తిన్నగా మూడో అంతస్తు బాల్కనీలోకి. అమ్మకి కూడా శీతాకాలం వస్తే ఆయాసం. ఇన్‌హేలర్ వాడుతుంది. పోయిన డిసెంబర్‌లో ఒక రాత్రి ఆమెని బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లి నెబులైజర్ పెట్టించాక, "మట్టలు కాల్చడం ఇంక బంద్" అని నేను డిక్లేర్ చేశాను. నాన్న ఒకే మాట అన్నారు: "మరి ఏటి సేద్దాం? నువ్వు తింటావా?"

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. చెత్తని బహిరంగంగా కాల్చకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే ఆర్డర్ ఇచ్చింది. మామూలుగా కాలిస్తే ఐదు వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే పాతిక వేలు. మా ఊరు ఇప్పుడు జీవీఎంసీలో భాగం. పల్లెటూరు కదా అనడానికి కూడా లేదు.

అలా మొదలైంది నా మిషను వేట.

మొదటి తప్పు నాదే. రాత్రి పదకొండు గంటలకి ఫోన్‌లో స్క్రోల్ చేస్తూ, ఫోర్ పాయింట్ టూ స్టార్స్ చూసి, ఒక ఎలక్ట్రిక్ గార్డెన్ ష్రెడ్డర్ ఆర్డర్ పెట్టేశాను. 2,400 వాట్లు, 45 మిల్లీమీటర్ల కొమ్మ వరకూ తీసుకుంటుందని రాసుంది. మూడు రోజుల్లో వచ్చింది. కింద చక్రాలు, పైన గొట్టం, ముద్దుగా ఉంది. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మీ అమ్మ మిక్సీ పక్కన పెట్టు, జత కుదుర్తాది" అన్నారు.

మామిడి రెమ్మలు వేశాను. బుజ్జిగా నమిలేసింది. నాకు ధైర్యం వచ్చి కొబ్బరాకు వేశాను. రెండో ఆకుకే గొంతు మారింది. నాలుగో ఆకుకి ఆగిపోయింది. ప్లగ్ పీకి, మూత విప్పి చూస్తే, ఇరుసు చుట్టూ కొబ్బరి పీచు జడ అల్లినట్టు చుట్టుకుపోయి ఉంది. కత్తెరతో కోసి తీయడానికి నలభై నిమిషాలు. మట్ట మొదలు సంగతయితే అడక్కండి. అది నా అరచేయి కంటే వెడల్పు. 45 మిల్లీమీటర్ల కంతలోకి పోవాలంటే ముందు కత్తితో నిలువునా చీల్చాలి. అలా చీల్చే ఓపికే ఉంటే ఇంక మిషనెందుకు?

అప్పుడు కూర్చుని స్పెక్ షీట్ చివరి దాకా చదివాను. కొనక ముందు చేయాల్సిన పని! వాట్ల పక్కన చిన్న అక్షరాల్లో 'ఎస్6 40%' అని ఉంది. దాని అర్థం ఇది. ఆ పవర్ పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు లోడ్ మీద, మిగతా ఆరు నిమిషాలు ఖాళీగా తిరిగితేనే. అంటే గంటలో అసలు పని ఇరవై నాలుగు నిమిషాలు. గులాబీ కొమ్మలు, కంచె మొక్కల కత్తిరింపులు వేసుకునే ఇంటికి అది చాలు. కొబ్బరి తోటకి చాలదు. మిషను చెడ్డది కాదు, నేను పెట్టిన పని దానిది కాదు. రిటర్న్ తీసుకున్నారు, ఆ మేరకు నా అదృష్టం.

ఇక్కడ ఒక బేసిక్ తెలుసుకుంటే సగం డబ్బు మిగుల్తుంది. మార్కెట్‌లో చిప్పర్, ష్రెడ్డర్ అనే రెండు పేర్లూ కలిపేసి వాడేస్తుంటారు. నిజానికి రెండూ వేరు. చిప్పర్ కత్తిపీట లాంటిది. తిరిగే చక్రానికో డ్రమ్ముకో పదునైన కత్తులుంటాయి, ఎదురుగా ఒక కదలని కత్తి ఉంటుంది. కొమ్మ ఆ రెండింటి మధ్య నుంచి ముక్కలుగా తెగి బయటికొస్తుంది. గట్టి కొమ్మలకి అదే కావాలి. ష్రెడ్డర్ రోకలి లాంటిది. డ్రమ్ముకి వేలాడే సుత్తులో మొద్దు బ్లేడ్లో ఉంటాయి. అవి కొట్టి, చీల్చి, పీచు పీచు చేసి జల్లెడ లోంచి తోసేస్తాయి. ఆకులు, మట్టలు, పీచు ఉన్నవేవైనా దీనికే. కత్తిపీట మీద పీచు చుట్టుకుంటుంది. రోకలికి ఆ బాధ తక్కువ. కాస్త పెద్ద మిషన్లలో రెండూ కలిపి ఇస్తారు. పక్క గొట్టంలో కొమ్మ, పై తొట్టిలో ఆకు. మాలాంటి కలగాపులగం తోటకి అదే సరిపోతుంది.

అన్నట్టు, ఈ యంత్రాన్ని 1884లో జర్మనీలో పీటర్ జెన్సెన్ అనే ఆయన తయారు చేశాడని చెప్తారు. మన జనరేషన్‌కి మాత్రం ఇది 1996లో వచ్చిన ఫార్గో సినిమా వల్లే తెలుసు. ఆ సీన్ చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. చూడనివాళ్లు భోజనం చేస్తూ చూడకండి.

ఆ సీన్ మా ఇంట్లో ఎవరికీ జోక్ కాదు. దానికి కారణం మా బాబాయ్.

బాబాయ్‌కి పద్మనాభం వైపు పాకలో నాలుగు గేదెలున్నాయి. గడ్డి నరకడానికి చాఫ్ కట్టర్ ఉంది. గడ్డి నరికే మిషనే కదా, మట్ట కూడా గడ్డి లాంటిదే కదా అని, ఏడేళ్ల కింద ఒక సాయంత్రం పచ్చి కొబ్బరాకు అందులో పెట్టాడు. చాఫ్ కట్టర్‌లో రెండు రోలర్లుంటాయి. అవి దొరికినదాన్ని లోపలికి లాక్కుంటాయి, అదే వాటి పని. ఆకు అంచు ఫుల్‌హ్యాండ్ చొక్కా కఫ్‌లో చిక్కుకుంది. రివర్స్ లీవర్ మిషనుకి ఉంది. కానీ అవతలి వైపు ఉంది. ఒంటరిగా ఉన్నాడు. కుడి చేతికి రెండు వేళ్లు పోయాయి. ఇప్పుడు ఫోన్‌పే ఎడమ బొటనవేలితో కొడతాడు. పిన్ టైప్ చేసేటప్పుడు అటు తిరిగిపోతాడు, నంబర్ చూస్తామని కాదు, చెయ్యి చూస్తామని.

నూర్పిడి మిషన్లలో చేతులు పోతున్నాయని మన దేశంలో 1983లోనే ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చారు. చట్టం ఉందన్న సంగతి మా పాకలో ఎవరికీ తెలీదు, తెలిసినా ఆ సాయంత్రం గుర్తొచ్చేది కాదు. అందుకే నా మటుకు మొదటి ఫిల్టర్ హెచ్‌పీ కాదు, ధర కాదు. తొట్టి పొడవు. నోట్లో చెయ్యి మొత్తం పెట్టినా వేళ్లు కత్తులకి అందకూడదు. షాపులో మిషను ఆపేసి ఉన్నప్పుడు, స్పార్క్ ప్లగ్ వైరు తీయించి, ఒక కర్రతో కొలిచి చూడండి. మన చేతి కంటే లోతు ఎక్కువుందా? లేకపోతే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా నమస్కారం పెట్టి వచ్చేయండి. రెండోది స్టాప్ బటన్. తొట్టి దగ్గర నిలబడ్డ మనిషికి చెయ్యి చాపితే అందాలి. రోలర్లు ఉన్న మోడల్ అయితే, ఒంటితో తోసినా రోలర్ ఆగిపోయే అడ్డకడ్డీ ఉండాలి. మూడోది, మూత తీస్తే ఇంజను ఆగిపోయే స్విచ్.

ఇప్పుడు కరెంటా, పెట్రోలా?

కరెంటు మోటారు చప్పుడు తక్కువ, మెయింటెనెన్స్ తక్కువ, స్విచ్ వేస్తే తిరుగుతుంది. అయితే లెక్క చూడండి. 3 హెచ్‌పీ అంటే 2,238 వాట్లు. మోటారులో పోయే నష్టం కలిపితే సప్లై నుంచి లాక్కునేది 2,800 దాకా ఉంటుంది. సింగిల్ ఫేజ్ 230 వోల్టుల మీద పదమూడు ఆంపియర్లు పైనే. స్టార్టింగ్‌లో దానికి కొన్ని రెట్లు. ఇంటి పెద్ద సాకెట్‌కి అదే ఆఖరి హద్దు. ఇంతకంటే పెద్ద మోటారు కావాలంటే త్రీ ఫేజ్ ఉండాలి.

దానికి తోడు తోట ఇంటికి దూరం. అందరం చేసే పని, ఇస్త్రీ పెట్టె వైరు లాంటి సన్నటి ఎక్స్‌టెన్షన్ లాగడం. నా 2,400 వాట్ల బొమ్మ మిషనుకే లెక్క వేశాను. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు ముప్పై మీటర్లు లాగితే, దారిలోనే పదిహేను వోల్టులు పోతాయి. నూట అరవై వాట్లు ఆ వైరులోనే వేడిగా మారతాయి. చుట్టగా చుట్టి ఉంటే ఇన్సులేషన్ కరగడానికి ఎంతోసేపు పట్టదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం ఐదు వోల్టుల లోపే. కరెంటు మిషను కొంటే వైరు ధర కూడా బడ్జెట్‌లో రాసుకోండి. వర్షం పడిన నేల మీదయితే ఆర్‌సీసీబీ లేకుండా అసలు ముట్టుకోవద్దు.

పెట్రోల్ ఇంజనుకి ఈ గొడవ లేదు, చెట్టు కిందకే తోసుకుపోవచ్చు. కానీ చెవులు పోతాయి. లోడ్ మీద వంద డెసిబెల్స్ దాటుతుంది, ఇయర్ మఫ్స్ తప్పనిసరి. తాడు లాగి స్టార్ట్ చేయాలి, నాన్న భుజానికి అది కుదరదు. ఇంకో విషయం. కొత్త ఇంజన్లు చాలావరకు ఆయిల్ పోయకుండానే డబ్బాలో వస్తాయి. ఉత్సాహంగా పెట్రోల్ పోసి తాడు లాగితే, కొన్ని నిమిషాల్లో ఇంజను బిగుసుకుపోతుంది, వారంటీ కూడా రాదు. ముందు ఆయిల్ పొయ్యాలి, మొదటి ఇరవై గంటలకి మార్చాలి.

ట్రాక్టర్‌కి తగిలించే ష్రెడ్డర్లు కూడా ఉన్నాయి. ట్రాక్టర్ వెనక పీటీవో ఇరుసు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, దానికి తగిలిస్తే మట్ట మొదలు కూడా క్షణంలో పిప్పి. పది ఎకరాల తోటలకి అదే కరెక్ట్. అద్దెకి దొరుకుతుందేమోనని రైతు సేవా కేంద్రంలో అడిగాను. రోటవేటర్ ఉంది, ఇది లేదన్నారు. ఉన్నా మా గేటులోంచి ట్రాక్టర్ తిరగదనుకోండి. మీ దగ్గర తిరిగితే మాత్రం కొనే ముందు అడిగి చూడండి. వ్యవసాయ యంత్రాల సబ్సిడీ లిస్టులో ష్రెడ్డర్లు కూడా ఉంటాయి.

ఇంక నా రెండో రౌండ్. ఈసారి రివ్యూలు చదవలేదు. బండి వెనక మూడు పచ్చి మట్టలు, రెండు ఎండు మట్టలు, ఒక సరుగుడు కొమ్మ కట్టుకుని వైజాగ్‌లో షాపులకి వెళ్లాను. మధురవాడ సిగ్నల్ దగ్గర అందరూ నన్నే చూశారు, పర్లేదు. మొదటి షాపులో డెమో ఇవ్వం అన్నారు. రెండో షాపులో యూకలిప్టస్ పుల్లలు వాళ్లవే వేసి చూపించారు, నా మట్ట వెయ్యమంటే మేనేజర్ లేడన్నారు. మూడో చోట ఒక పెద్దాయన, "తే బాబూ, ఎయ్యి సూద్దాం" అన్నారు. 7 హెచ్‌పీ పెట్రోల్, సుత్తుల డ్రమ్ము, పక్కన కొమ్మల గొట్టం. పచ్చి మట్ట కొంచెం జల్లెడకి అతుక్కుంది. రెండు మూడు రోజులు వాడిన మట్టయితే సాఫీగా వెళ్తుందని, బాగా ఎండినదయితే దుమ్ము లేస్తుందని ఆయనే చెప్పారు. మొదలు చివర ఒక మూర ముక్క నరికేసి మిగతాది వేస్తే, మట్టకి నిమిషం. స్పెక్ షీట్‌లో 75 మిల్లీమీటర్లు అని ఉన్నా, సరుగుడు లాంటి గట్టి కర్రకి అందులో సగమే లెక్క పెట్టుకోమన్నారు. అమ్మేవాడు స్పెక్ తగ్గించి చెప్పడం నేను మొదటిసారి చూశాను.

కొటేషన్ యాభై ఐదు వేలు.

ఇక్కడే నా ఇంజినీర్ బుర్ర అడ్డం తిరిగింది. మట్టకి నిమిషమంటే, 456 మట్టలకి ఏడున్నర గంటలు. ఏడాదికి ఎనిమిది గంటల పని కోసం యాభై ఐదు వేల మిషనా? నాన్న అన్నారు, "మీ అమ్మ మిక్సీ మాత్రం రోజంతా తిరుగుతాదేటి?" పాయింటే. కానీ మిక్సీ యాభై ఐదు వేలు కాదు.

చివరికి మా వీధిలో ఐదు ఇళ్లు కలిశాం. అందరి చెట్లూ కలిపితే దాదాపు రెండు వందలు. ఏడాదికి నలభై గంటల పని, ఇంటికి పదకొండు వేలు. పెట్రోల్ ఎవరిది వాళ్లది. బ్లేడ్ల పదును, ఆయిల్ ఉమ్మడి. వాట్సాప్ గ్రూప్ పెట్టాం, పేరు 'మట్టలు'. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు ఆయన కూడా చేరారు, వాళ్లకి చెట్లు లేవు, పొగ రాకుండా ఉంటే చాలంటూ వెయ్యి రూపాయలు పెట్రోల్‌కి ఇచ్చారు.

మిషను వచ్చాక సగం సమస్యే తీరింది. బయటికొచ్చిన పొట్టు ఏం చేయాలి? దీని వెనక మాకో పాత దెబ్బ ఉంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్. నేను ఇంటర్ సెకండియర్. గంటకి 180 కిలోమీటర్ల చుట్టూ గాలి. సాయంత్రానికి మా తోటలో పదకొండు కొబ్బరి చెట్లు నేల మీద ఉన్నాయి, తాతయ్య నాటిన మామిడి వేళ్లతో సహా లేచిపోయింది. కరెంటు లేదు, రంపం మిషన్లు దొరకలేదు. దారికి అడ్డమున్నవి నరికి, మిగతా మొద్దులు తోటలోనే వదిలేశాం. తర్వాతి రెండేళ్లలో, నిలబడ్డ చెట్ల మొవ్వుల్లో కొత్త ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు విసనకర్రలా రావడం మొదలైంది. కొమ్ము పురుగు. అది గుడ్లు పెట్టేది కుళ్లే కొబ్బరి మొద్దుల్లో, పేడ కుప్పల్లో. మేం తుఫానులో పోయిన చెట్లని ఉంచి, మిగిలిన చెట్లకి శత్రువుని పెంచాం. కొత్తగా నాటిన మొక్కల్లో ఆరు అలాగే పోయాయి. 2018లో తిత్లీ తర్వాత ఉద్దానం చుట్టాలు ఫోన్ చేస్తే నాన్న చెప్పిన మొదటి మాట, "మొద్దులు ఉంచకండి."

మొద్దు ఈ మిషను పని కాదు, దాన్ని కోయించి పంపేయాల్సిందే. పొట్టుని కుప్పగా పోసి మర్చిపోయినా అదే పురుగు చేరుతుంది. అందుకే పాదుల్లో రెండు మూడు అంగుళాల మందం పరుస్తున్నాం, కాండానికి ఆనకుండా జానెడు వదిలి. పైపైనే పరవాలి, మట్టిలో కలిపి తవ్వకూడదు. పచ్చి కలప పొట్టు కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది. మిగిలినదానికి పదో వంతు పేడ కలిపి తడిపి, రెండు మూడు వారాలు మగ్గాక వానపాములు వదులుతాం. కొబ్బరాకుతో వర్మీ కంపోస్ట్ చేసే ఈ పద్ధతి కాసరగోడ్‌లోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ వాళ్లది. కుప్ప తిరగేసినప్పుడు తెల్లగా, 'సి' ఆకారంలో ముడుచుకున్న లావు పురుగు కనిపిస్తే కోడికి వేయడమే. మా కోళ్లు ఇప్పుడు పార చప్పుడు వింటే పరిగెత్తుకొస్తున్నాయి.

పోయిన ఆదివారం మొదటి రన్. రూల్స్ ప్రింట్ తీసి పాకకి అంటించాను. లుంగీ వద్దు, తువ్వాలు వద్దు, వాచీ వద్దు, వదులు గ్లవ్స్ వద్దు, కళ్లద్దాలు ఉండాలి, ఇద్దరు లేకుండా స్టార్ట్ చేయకూడదు, ఇరుక్కుంటే ఇంజను ఆపి ప్లగ్ వైరు తీశాకే మూత. నాన్న ఇంట్లోకి వెళ్లి, రిటైర్మెంట్ ఫంక్షన్‌కి వేసుకున్న ప్యాంటు తొడుక్కుని వచ్చారు. అమ్మ ముందుగా చీపుర్లకి మంచి ఈనెలు ఏరి పక్కన పెట్టుకుంది.

బాబాయ్ కూడా వచ్చాడు. మిషనుకి ఆరడుగుల దూరంలో, కుడి చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. ఇరవై మట్టలు అయ్యాక దగ్గరికొచ్చి, స్టాప్ బటన్ తనే నొక్కుతానన్నాడు. నొక్కాడు. ఇంజను చప్పుడు ఆగిపోయింది. లోపల డ్రమ్ము మాత్రం ఊఁ అని తిరుగుతూనే ఉంది. బాబాయ్ జేబులోంచి చెయ్యి తీసి, రెండు చేతులూ ముందు పెట్టుకుని, సెకనుకో వేలు మడుస్తూ లెక్క పెట్టాడు.

"నా వేళ్లన్నీ అయిపోనాయిరా," అన్నాడు. "ఇంకా తిరుగుతోంది."